కంప్రెసర్ నాబ్ తిప్పే ముందు వైరు ఎటు వెళ్తోందో చూడండి

గాజువాక నుంచి ఒక పాఠకుడి ప్రశ్న: ఇంట్లో చిన్న గదిలో భక్తి పాటలు, ఉత్తరాంధ్ర జానపదాలు రికార్డు చేస్తున్నాం. కండెన్సర్ మైకు, రెండు ఇన్‌పుట్‌ల యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఉన్నాయి. ఈమధ్య సెకండ్ హ్యాండ్‌లో రెండు ఛానెళ్ల ర్యాక్ కంప్రెసర్ కొన్నాను. మైకు దానికి పెడితే సౌండే రావట్లేదు, గెయిన్ మొత్తం పెంచితే ఒకటే హిస్. మా అక్క పల్లవి మెల్లగా మొదలుపెట్టి చరణంలో ఒక్కసారిగా ఎత్తుకుంటుంది, అక్కడ ఇంటర్‌ఫేస్ మీద రెడ్ లైటు వెలుగుతోంది, అందుకే కంప్రెసర్ కొన్నాను. వోకల్స్‌కి థ్రెషోల్డ్, రేషియో ఎంత పెట్టాలి?

జవాబు: గట్టిగా వచ్చే గొంతును తానే తగ్గించే మీ కంప్రెసర్ బాగానే ఉంది, మైకు దానికి నేరుగా పెట్టకూడదు, అంతే. మైకు నుంచి వచ్చే సిగ్నల్ మిల్లీవోల్టుల్లో ఉంటుంది. ర్యాక్ కంప్రెసర్‌కి కావలసింది లైన్ లెవెల్, ప్రొఫెషనల్ గేర్‌లో అయితే ప్లస్ 4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు. పైగా మీది కండెన్సర్ మైకు, మామూలుగా దానికి 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అందాలి, ర్యాక్ కంప్రెసర్ ఆ పవర్ ఇవ్వదు. అందుకే పాట రాలేదు, గెయిన్ పెంచేసరికి పెట్టెలో ఉన్న హిస్ మాత్రం పెరిగింది.

వరస ఇలా ఉండాలి: మైకు, తర్వాత ప్రీయాంప్ (మైకు సిగ్నల్‌ని లైన్ లెవెల్‌కి పెంచేది), తర్వాత కంప్రెసర్, ఆ తర్వాత ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్. చెప్పడానికి ఇంతే గానీ చిక్కంతా ఇక్కడే ఉంది, ఎందుకంటే మన ఇళ్లలో ఉండే చిన్న ఇంటర్‌ఫేస్‌లలో ప్రీయాంప్, డిజిటల్‌గా మార్చే కన్వర్టర్ రెండూ ఒకే పెట్టెలో ఉంటాయి, వాటి మధ్య కంప్రెసర్ దూర్చడానికి సందు ఉండదు. ఆడియెంట్ ఐడీ44 లాంటి కొన్నిటికి వెనక ఇన్సర్ట్ జాక్‌లు ఉంటాయి, అంటే ప్రీయాంప్ దాటిన సిగ్నల్‌ని బయటికి పంపి వెనక్కి తెచ్చుకునే జాక్‌లు. మీ దానికి లేకపోతే విడిగా ఒక ప్రీయాంప్ కొనాలి, లేదా భజన బృందాలూ ఫంక్షన్లకు సౌండ్ పెట్టేవాళ్లూ వాడే చిన్న ఎనలాగ్ మిక్సర్ ఒకటి సంపాదించాలి. నేను మిక్సర్ వైపే మొగ్గుతాను, ప్రీయాంప్, ఫాంటమ్ పవర్ రెండూ అందులోనే వస్తాయి. కాకపోతే ఛానెల్ మీద ఇన్సర్ట్ జాక్ ఉందో లేదో కొనేముందే చూసుకోండి, మరీ చిన్న మిక్సర్లలో తరచుగా ఉండదు. ఆ జాక్‌కి వై ఆకారంలో ఉండే ఇన్సర్ట్ కేబుల్ పడుతుంది: ఒకవైపు టీఆర్ఎస్ పిన్ను (టిప్, రింగ్, స్లీవ్ అనే మూడు కాంటాక్టులు ఉండేది), రెండోవైపు రెండు మోనో పిన్నులు. ఎక్కువ మిక్సర్లలో సిగ్నల్ టిప్ మీద బయటికి వెళ్లి రింగ్ మీద వెనక్కి వస్తుంది. టిప్ తాలూకు పిన్ను కంప్రెసర్ ఇన్‌పుట్‌లో, రెండోది అవుట్‌పుట్‌లో పెట్టాలి. తారుమారైతే ఆ ఛానెల్‌లో సౌండ్ రాదు, టెన్షన్ పడకుండా రెండూ అటూ ఇటూ మార్చండి.

మిక్సర్ నుంచి ఇంటర్‌ఫేస్‌కి వచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త. రెండు రకాల పిన్నులూ పట్టే కాంబో జాక్‌లో మైకుకి వాడే మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ గుచ్చితే సిగ్నల్ మళ్లీ మైక్ ప్రీయాంప్‌లోకే పోతుంది. పావు అంగుళం టీఆర్ఎస్ వాడండి, గిటార్ కోసం ఉండే ఇన్‌స్ట్రుమెంట్ బటన్ ఆఫ్‌లో ఉంచండి. కంప్రెసర్ వెనక మైనస్ 10, ప్లస్ 4 అని స్విచ్ ఉంటే అవతలి గేర్ ఏదో దాన్నిబట్టి పెట్టండి, ఆ రెండిటికీ దాదాపు 12 డీబీ తేడా ఉంటుంది.

ఇప్పుడు రెడ్ లైటు సంగతి. ఇది చాలామంది పొరబడే చోటు కాబట్టి గట్టిగా చెబుతున్నాను: కంప్రెసర్ ప్రీయాంప్ తర్వాత వస్తుంది, కాబట్టి ప్రీయాంప్‌లోనే పగిలిన గొంతును అది బాగుచేయలేదు. రెడ్ లైటుకి మందు గెయిన్ తగ్గించడమే. కంప్రెసర్‌ని బైపాస్‌లో (సిగ్నల్ మారకుండా దాటిపోయేలా) పెట్టి, అక్క చేత చరణంలో అన్నిటికన్నా గట్టిగా వచ్చే లైను పాడించండి. రిహార్సల్లో పాడినట్టు కాకుండా నిజంగా టేక్ ఇస్తున్నట్టు పాడమనండి, ఎందుకంటే టెస్టింగ్ అనగానే అందరూ ఓ మెట్టు తగ్గించి పాడతారు. ఆ లైను దగ్గర కంప్యూటర్ మీటర్ మైనస్ 12 దాకా వచ్చి ఆగేలా గెయిన్ పెట్టండి. పల్లవి మరీ చిన్నగా కనిపిస్తుందని బెంగ పడక్కర్లేదు, 24 బిట్‌లో రికార్డు చేస్తున్నప్పుడు ఆ లెవెల్ ధారాళంగా సరిపోతుంది.

ఇక నాబ్‌లు. ముందు గేటు (సౌండ్ తగ్గగానే మూసేసేది) ఆఫ్ చేయండి. రికార్డింగ్‌లో గేటు వాడితే మాట చివర్లు తెగిపోతాయి, తెగినవి మళ్లీ రావు. థ్రెషోల్డ్ అంటే ఏ లెవెల్ దాటితే తగ్గించడం మొదలవుతుందో ఆ గీత, రేషియో అంటే ఎంత తగ్గించాలో, అటాక్ అంటే ఎంత త్వరగా తగ్గించాలో, రిలీజ్ అంటే ఎంత త్వరగా వదలాలో చెప్పేవి. రేషియో 3:1 దగ్గర, అటాక్ 10 నుంచి 15 మిల్లీసెకన్ల దగ్గర, రిలీజ్ 100 నుంచి 150 దగ్గర పెట్టి, థ్రెషోల్డ్ పూర్తిగా పైన ఉంచండి. అక్క మళ్లీ ఆ గట్టి లైనే పాడుతుంటే థ్రెషోల్డ్‌ని మెల్లగా కిందికి దించండి. గెయిన్ రిడక్షన్ లైట్లు గట్టి మాటల దగ్గర 3, 4 డీబీ చూపిస్తూ, పల్లవి పాడేటప్పుడు పూర్తిగా ఆరిపోతుంటే అక్కడ ఆపేయండి. లెక్క సులభమే: 3:1లో థ్రెషోల్డ్‌ని 9 డీబీ దాటిన గొంతు బయటికి 3 డీబీ మాత్రమే దాటి వస్తుంది, అంటే 6 డీబీ తగ్గింది. టేక్ మొత్తంలో ఎక్కడైనా 6 మించి తగ్గుతోందంటే రికార్డింగ్ దశకి అది ఎక్కువ.

అటాక్, రిలీజ్ తేడా 3 డీబీ దగ్గర కొత్తవాళ్ల చెవికి సరిగా అందదు. దీనికి స్టూడియోల్లో వాడే ఒక పద్ధతి ఉంది. రేషియోని 10:1కి పెంచి, థ్రెషోల్డ్‌ని బాగా కిందికి లాగి, పాట నలిగిపోయేలా చేయండి. ఇప్పుడు అటాక్ తిప్పుతూ వినండి. మరీ వేగంగా ఉంటే క, ట, ప లాంటి హల్లుల మొన విరిగి మాట మెత్తబడుతుంది, మైకు మీద గుడ్డ కప్పినట్టు ఉంటుంది. నెమ్మది చేస్తూ పోతే ఎక్కడో ఒక చోట అక్షరం మళ్లీ స్పష్టంగా నిలబడుతుంది. తర్వాత రిలీజ్. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి లైను చివర దీర్ఘం సాగి సన్నబడే చోటే రిలీజ్ బాగా తెలుస్తుంది. మరీ వేగంగా ఉంటే ఆ దీర్ఘం తగ్గాల్సింది పోయి పైకి లేస్తుంది, వెనకే ఊపిరి పీల్చిన చప్పుడు పాటంత గట్టిగా వస్తుంది. మరీ నెమ్మదిగా ఉంటే గట్టిగా ఎత్తుకున్న మాట తర్వాత వచ్చే మెత్తని మాట కూడా అణిగిపోతుంది. పాట నడకతో పాటు లైట్లు వెలిగి ఆరుతున్నట్టు అనిపించే చోటు దొరికాక, రేషియో మళ్లీ 3:1కి, థ్రెషోల్డ్ మళ్లీ మొదటి చోటికి తెచ్చేయండి. జానపదాలకీ భక్తి పాటలకీ ఈ రిలీజ్ ఒకటే ఉండదు, నడక మారినప్పుడల్లా చూసుకోవాలి.

చివరగా అవుట్‌పుట్ గెయిన్. తగ్గినంతే కలపండి. బైపాస్ నొక్కుతూ తీస్తూ వింటే రెండూ ఒకే ఎత్తులో వినిపించాలి. సౌండ్ ఎక్కువైతే చాలు చెవికి బాగున్నట్టే అనిపిస్తుంది, ఆ మోసంలో పడితే సెట్టింగ్ మంచిదో చెడ్డదో ఎప్పటికీ తెలియదు. ఇక్కడ కలిపే ప్రతి డీబీతో ఫ్యాను, ఏసీ, హైవే మీద లారీల హోరు కూడా పైకొస్తాయి. కాబట్టి టేక్ తీసేటప్పుడు ఉక్కపోసినా ఫ్యాను ఆపండి.

ఇంత తక్కువగా ఎందుకు వాడమంటున్నానంటే, ఇలా కంప్రెస్ అయి రికార్డైన గొంతును వెనక్కి తీసుకురాలేం. మిగతాది మిక్సింగ్‌లో సాఫ్ట్‌వేర్‌తో చేసుకోవచ్చు. హార్డ్‌వేర్‌తో దక్కే అసలు లాభం అక్క హెడ్‌ఫోన్స్‌లో ఉంది: ఆలస్యం లేకుండా తన గొంతు కుదురుగా వినిపిస్తుంది, ధైర్యంగా పాడుతుంది. అదే 10 డీబీ నలిపేస్తే ఎంత ఎత్తుకున్నా హెడ్‌ఫోన్స్‌లో పెరిగినట్టు ఉండదు, ఇంకా అరుస్తుంది, గొంతు అలసిపోతుంది. మైకుకి జానెడు దూరంలో నిలబడి, గట్టి లైను దగ్గర తల కొంచెం వెనక్కి తీయడం అలవాటు చేయించండి. ఆ అలవాటు వచ్చాక మీ కంప్రెసర్‌కి సగం పని తగ్గుతుంది.

మిక్సర్ కొనేదాకా ఆ కంప్రెసర్ ఊరికే పడి ఉండక్కర్లేదు. మామూలుగా రికార్డు చేసేయండి. తర్వాత ఆ వోకల్ ట్రాక్‌ని పూర్తిగా ఎడమకి ప్యాన్ చేసి, మిగతావన్నీ మ్యూట్ చేసి, ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ 1 నుంచి కంప్రెసర్‌లోకి, అక్కణ్నుంచి లైన్ ఇన్‌పుట్ 1లోకి తెచ్చి కొత్త ట్రాక్ మీద రికార్డు చేయండి. డైరెక్ట్ మానిటర్ బటన్, కొత్త ట్రాక్ మానిటరింగ్ రెండూ తప్పనిసరిగా ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే వచ్చిన సిగ్నలే మళ్లీ బయటికి వెళ్లి తిరుగుతూ కూత పెడుతుంది. కొత్త ట్రాక్ కొద్దిగా వెనకపడితే పాతదాని పక్కన పెట్టి జరుపుకోండి. ఈ దారిలో అసలు రికార్డింగ్ భద్రంగా ఉంటుంది, నాబ్‌లు ఎన్నిసార్లైనా మార్చి చూసుకోవచ్చు, నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి పద్ధతి లేదు.

సీతమ్మధార నుంచి: 1176 అనే పాత స్టూడియో కంప్రెసర్ నమూనాలో చేసిన కంప్రెసర్ కొన్నాం. థ్రెషోల్డ్ నాబే లేదు. అటాక్‌ని ఎడమవైపు చివరిదాకా తిప్పితే మీటర్ సూది అసలు కదలడం లేదు. పాడైందా?

జవాబు: పాడవలేదు. 1967లో అమెరికన్ ఇంజనీర్ బిల్ పుట్నమ్ తెచ్చిన ఆ డిజైన్‌లో థ్రెషోల్డ్ స్థిరంగా ఉంటుంది, ఇన్‌పుట్ నాబ్ పెంచేకొద్దీ సిగ్నల్ దాన్ని దాటి కంప్రెషన్ పెరుగుతుంది, అవుట్‌పుట్‌తో లెవెల్ సరిచేసుకోవాలి. అసలు 1176లో అటాక్‌ని ఎడమ చివర క్లిక్ దాటిస్తే కంప్రెషనే ఆఫ్ అవుతుంది, మీ యూనిట్‌లోనూ అదే పెట్టినట్టున్నారు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఇందులో అటాక్, రిలీజ్ నాబ్‌లు కుడికి తిప్పేకొద్దీ వేగం పెరుగుతుంది, మిగతా కంప్రెసర్లలో సాధారణంగా దీనికి ఎదురు. అటాక్ 20 నుంచి 800 మైక్రోసెకన్లు, అంటే అతి నెమ్మదిలో కూడా ఒక మిల్లీసెకను లోపే. వోకల్స్‌కి రేషియో 4 బటన్ నొక్కి, అటాక్‌ని ఎడమవైపే, కాకపోతే ఆ ఆఫ్ క్లిక్ పడకుండా దానికి ఇవతలే ఉంచి, రిలీజ్ కుడివైపుకి తెచ్చి మొదలుపెట్టండి. ఎల్ఏ-2ఏ లాంటి ఆప్టికల్ (కాంతి ద్వారా లెవెల్ తగ్గించే) కంప్రెసర్ కూడా అందుబాటులో ఉంటే దీని తర్వాత పెట్టండి: ఇది ఉన్నట్టుండి లేచే పీక్‌లను పట్టుకుంటుంది, అది గొంతును నింపాదిగా సర్దుతుంది.

లాసన్స్ బే కాలనీ నుంచి: మా బంధువులు అమెరికా నుంచి ఒక కంప్రెసర్ తెస్తున్నారు. ఇక్కడ నేరుగా ప్లగ్ పెట్టవచ్చా? ఇప్పుడున్న సెటప్‌లో గుంయ్‌మని హమ్ వస్తోంది, జాక్ కదిపితే చిటపటలు.

జవాబు: వెనక లేబుల్ చదివేదాకా ప్లగ్ పెట్టకండి. 100-240 అని ఉంటే పర్వాలేదు, ప్లగ్ పిన్ను మారితే చాలు. 115 లేదా 120 వోల్టులు అని మాత్రమే ఉంటే మన 230కి పెట్టగానే లోపల కాలుతుంది. కొన్నిటికి వెనకో లోపలో వోల్టేజీ సెలెక్టర్ ఉంటుంది, దాన్ని మారిస్తే ఫ్యూజు కూడా మాన్యువల్‌లో చెప్పిన రేటింగ్‌కి మార్చాలి, 230లో సగం కరెంటే లాగుతుంది కాబట్టి పాత ఫ్యూజు రక్షణ ఇవ్వదు. సెలెక్టర్ లేకపోతే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనండి, అది వోల్టేజీని తగ్గిస్తుంది గానీ మన 50 హెర్ట్జ్‌ని 60 చేయదు, కాబట్టి లేబుల్ మీద 50/60 అని ఉందో లేదో కూడా చూడండి.

హమ్ ఎక్కువగా ఎర్త్ లూప్ వల్ల, అంటే పరికరాల ఎర్త్ ఒకటికి మించిన దారుల్లో కలవడం వల్ల వస్తుంది. కంప్రెసర్, ఇంటర్‌ఫేస్, కంప్యూటర్ అన్నిటినీ ఎర్తింగ్ సరిగా ఉన్న ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి పెట్టండి, రెండువైపులా బ్యాలెన్స్‌డ్ జాక్‌లు (వైరులో చేరే హమ్‌ని రద్దు చేసేవి) ఉన్నచోట టీఆర్ఎస్ లేదా ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్సే వాడండి, ఆడియో వైర్లను అడాప్టర్లకు దూరంగా నడపండి. ఎర్త్ పిన్ను తీసేస్తే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, ఏదైనా లోపం వస్తే మైకు పట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది.

చిటపటలకి చాలావరకు కారణం మీ ఇంటికి తగిలే ఉప్పుగాలి. సముద్రం పక్క వీధుల్లో జాక్‌లు, నాబ్‌ల లోపలి కాంటాక్టులు మసకబారిపోతాయి. పవర్ తీసేసి, ఎలక్ట్రానిక్స్ షాపుల్లో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొద్దిగా జాక్‌లో కొట్టి పిన్నును పదిసార్లు పెట్టి తీయండి, నాబ్‌లనూ ఈ చివర నుంచి ఆ చివరకి తిప్పండి, పూర్తిగా ఆరాకే ఆన్ చేయండి. తుప్పు వదిలించే మామూలు స్ప్రేలు నాబ్‌ల మీద వాడకండి. వాడని రోజుల్లో ర్యాక్‌కి కవర్ కప్పి సిలికా జెల్ ప్యాకెట్లు పెట్టండి, వానాకాలంలో వారానికోసారైనా గంటసేపు ఆన్ చేసి ఉంచండి. ఇంత చేసినా చిటపటలు తగ్గకపోతే ఆ జాక్ సాల్డరింగ్ వదిలి ఉంటుంది, టెక్నీషియన్‌కి చూపించి కొత్త జాక్ వేయించండి.