చెరువు కోసం మీమ్స్ పేజీ నడపబోతున్న మేనకోడలికి

చిరంజీవి చిన్నికి,

అత్తమ్మ ఆశీస్సులు. హాస్టల్ మెస్సు మీదా పరీక్షల మీదా జోకులు వేసే నీ మీమ్స్ పేజీలో ఇకపై మన చెరువు శిఖంలో, అంటే నీళ్లు నిలిచే నేలలో, పోస్తున్న మట్టి గురించి కూడా పెడతావని మీ నాన్న చెప్పినప్పటి నుంచి, ఒకపక్క గర్వంగా ఉంది, మరోపక్క నిద్ర పట్టడం లేదు. పత్రికాఫీసు డెస్కులో పనిచేసి రిటైరైన దానిని కాబట్టి, తోచినది రాస్తున్నాను.

పేజీ పేరు మార్చకు, జోకులు మానకు. చెరువు పేరుతో కొత్త పేజీ తెరిస్తే, ముందునుంచీ చెరువు గురించి బెంగపడేవాళ్లే అందులోకి వస్తారు. నీ జోకులకు అలవాటుపడ్డవాళ్లు మాత్రం నవ్వుకోవడానికని వచ్చి చెరువు సంగతీ చదువుతారు. పిల్లి బొమ్మలు పంచుకోవడానికి జనం రోజూ వాడే వేదికలే ఉద్యమకారులకు గట్టి ఆసరా అని, వాటిని ప్రభుత్వం మూసేస్తే రాజకీయాలు పట్టనివాళ్లకు కూడా కోపం వస్తుందని ఇంటర్నెట్ మీద పరిశోధన చేసే అమెరికన్ ఏథన్ జుకర్‌మన్ 2008లోనే వివరించాడు. మన దేశంలో 2015లో నెట్ న్యూట్రాలిటీ కోసం, అంటే ఇంటర్నెట్ కంపెనీలు అన్ని సైట్లనూ సమానంగా చూడాలని కోరుతూ, టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి 10 లక్షలకు పైగా మెయిళ్లు వెళ్లాయంటే, కొరుకుడుపడని ఆ విషయాన్ని నవ్విస్తూ చెప్పిన వీడియోల పాత్ర అందులో చాలా ఉంది.

నా భయమంతా 2025లో కంచ గచ్చిబౌలి విషయంలో జరిగిన పొరపాటు మళ్లీ జరుగుతుందేమోనని. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీని ఆనుకుని ఉన్న 400 ఎకరాల్లోకి ఉగాది సెలవుల్లో బుల్డోజర్లు దిగాయి. అంతకు కొద్ది రోజుల ముందే చాట్‌జీపీటీలో జిబ్లీ బొమ్మల సరదా, అంటే ఫొటోలను జపాన్ జిబ్లీ స్టూడియో కార్టూన్ల తీరులోకి మార్చుకోవడం, మొదలై, జనం పెళ్లి ఫొటోలనూ పిల్లల ఫొటోలనూ అలా మార్చుకుంటున్నారు. ఆ ఊపులోనే బుల్డోజర్ల ముందు నిలబడ్డ జింకలనూ నెమళ్లనూ గీయించి పంచారు. జిబ్లీ బొమ్మను ఫొటో అని ఎవరూ పొరబడరు, కానీ అచ్చం ఫొటోల్లాగే ఉన్న ఏఐ చిత్రాలు కూడా వాటితోపాటు తిరిగాయి. నీ స్టేటస్‌లోనూ అలాంటిది ఒకటి చూసి ఎక్కడిదని అడిగితే, "అందరూ పెడుతున్నారు అత్తమ్మా" అన్నావు. ఆ రోజు నిన్ను గట్టిగానే కేకలేశాను. జింకల మీద నీకున్న జాలి నాకు తెలియక కాదు, తల్లీ.

అక్కడ చెట్లు నిజంగా కూలాయి, నెమళ్లూ జింకలూ నిజంగా ఉన్నాయి, విద్యార్థులను పోలీసులు నిజంగా అదుపులోకి తీసుకున్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపించింది. ఇంత నిజం చేతిలో ఉండగా నకిలీ చిత్రం ఎందుకు? ఆ చిత్రాల వల్లే, కూలిన చెట్ల గురించి సాగవలసిన చర్చ దొంగ ఫొటోల మీదికి మళ్లింది, కేసులు పెట్టారు, పంచినవాళ్లకు నోటీసులు వెళ్లాయి. స్వయంగా తీసిన అసలు వీడియోలను కూడా జనం అనుమానంగా చూశారు.

మా డెస్కుకు ఫొటో వస్తే, ఎవరు తీశారో, ఎక్కడ, ఎప్పుడు తీశారో వెనకవైపు పెన్సిల్‌తో రాసి ఉంటేనే పేజీలోకి వెళ్లేది. రాయకపోతే ఎంత మంచి ఫొటో అయినా మా ఇన్‌చార్జి పక్కన పెట్టేవారు. అప్పట్లో చాదస్తమనుకునేవాళ్లం. ఇప్పుడు నువ్వూ అదే చెయ్యి. గీయించిన బొమ్మ అయితే "ఏఐ బొమ్మ" అని దాని మీదే రాయి. కింద రాస్తే, స్క్రీన్‌షాట్ తీసి ఫార్వర్డ్ చేసేసరికి ఆ మాట ఊడిపోతుంది. ఫొటోలు ప్రతిసారీ అలుగు దగ్గర ఒకే చోట నిలబడి తీసి, అసలు ఫైళ్లు దాచుకో, ఎందుకంటే వాట్సాప్‌లో పంపితే తేదీ వివరాలు పోతాయి. సర్వే నంబరు, ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీరు చేరే మట్టం) హద్దులు కాగితం మీద చూడనిదే ఎవరి పేరూ రాయకు.

ఆన్‌లైన్ పోస్టుల మీద కేసులు పెట్టడానికి వాడిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్‌ను 2015లో సుప్రీంకోర్టు కొట్టేసింది గనుక భయం లేదని నాన్నతో అన్నావట. నోటీసు ఇవ్వడానికి వేరే సెక్షన్లు ఉన్నాయి, చిన్నీ. హాస్టల్ గదిలో ఒక్కదానివే నోటీసు అందుకోవడం నేను ఊహించలేను. పేజీకి ఇంకో ఇద్దరిని అడ్మిన్లుగా పెట్టు, తెలిసిన లాయరు నంబరు ముగ్గురి ఫోన్లలోనూ ఉంచండి.

మొదటి పోస్టు పెట్టేముందు నాకు పంపు. అర్ధరాత్రి అయినా చూస్తాను.

మీ అత్తమ్మ