నీ ప్రూఫులో పదకొండు అమిడ్‌లు

చిరంజీవి బుజ్జమ్మకు, చెన్నై సైదాపేట నుంచి పెద్దనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన మూడు పేజీల ప్రూఫు చదివాను. బెంగళూరులో ఇంగ్లీషు పత్రిక డెస్కు మీద చేరి నెల తిరక్కుండానే నీకూ ఆ జబ్బు అంటుకుంది. అదే, ఇంగ్లీషులో 'మధ్య' అనే అర్థానికి వాడే అమిడ్ (amid) మాట. ఎర్ర పెన్నుతో లెక్కపెట్టాను, పదకొండు అమిడ్‌లు. ఒక్క పేరాలోనే రెండు.

దాని మీద నాకు పగేం లేదు. పాత ఇంగ్లీషులో 'ఆన్ మిడ్డన్' అంటే నడుమన అని. అదే అరిగి అమిడ్ అయింది. ఇంట్లో ఎవరూ అనరు, పత్రికల్లో మాత్రం ఎడాపెడా. హెడ్డింగు ఇరుకే దానికి బలం. ఇది నాలుగక్షరాలు, 'వల్ల' అని చెప్పే బికాజ్ ఆఫ్ తొమ్మిది, పైగా మధ్యలో ఒక ఖాళీ. మరి కథనంలో ఆ ఇరుకు లేదు కదా! అమిడ్‌స్ట్ అని తోక మాత్రం తగిలించకు, ఏపీ స్టైల్‌బుక్ కూడా వద్దంటుంది (ఏపీ అంటే మన రాష్ట్రం కాదు, అసోసియేటెడ్ ప్రెస్). లెక్కపెట్టదగ్గ మనుషుల మధ్యైతే అమంగ్. పొగ, గోల, హడావిడి మధ్యైతే అమిడ్.

అసలు సంగతి ఇది కాదు. చిన్నప్పుడు విభక్తులు వల్లించావుగా. 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' షష్ఠి. 'వలనన్, కంటెన్, పట్టి' పంచమి. అమిడ్‌ది పుట్టుకతో షష్ఠి ఇల్లు. విలేకరి చేతిలో పడ్డాక పోయి పంచమి కుర్చీలో కూర్చుంటుంది. వల్ల అని అనదు, అన్నట్టు వినిపిస్తుంది. మన తెలుగు పత్రికల్లో దీనికో అన్న ఉన్నాడు, 'నేపథ్యంలో'. నాటకాలవాళ్లకు నేపథ్యమంటే తెర వెనక వేషాలు వేసుకునే చోటు. కారణం అక్కడే రంగు పూసుకుంటూ ఉండిపోతుంది, తెర ముందుకు రాదు.

2015 డిసెంబరు 1 రాత్రి అడయారు నది పొంగి మా సైదాపేటను ముంచిన సంగతి నీకు తెలుసు. 'అమిడ్ హెవీ రెయిన్స్' అని రాస్తే తప్పు పట్టేవాడు లేడు. కానీ నీళ్లలో నిలబడ్డవాడు అడిగేది వేరు. వాన వల్లా, చెంబరంబాక్కం చెరువు గేట్లు ఆలస్యంగా ఎత్తడం వల్లా? ఆ తగువు ఏళ్లు నడిచింది. అమిడ్ ఆ రెండు జవాబుల్నీ తప్పించేస్తుంది. అలాంటప్పుడు విడివిడి వాక్యాలు రాయి. ఎంత వాన పడింది, చెరువు నుంచి సెకనుకు 29,000 ఘనపుటడుగుల దాకా ఎప్పుడు వదిలారు, ఏరు ఎప్పుడు పొంగింది. పాఠకుడు కలుపుకుంటాడు.

నాకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. కొత్తలో ఒక అధికారి బదిలీ వార్తలో 'అమిడ్ కంప్లెయింట్స్' అని పెట్టాను. ఫిర్యాదులు నిజమే, ఆయన మీద కాదు, ఆ ఆఫీసు మీద. బదిలీ అందరికీ మామూలుగా వచ్చేదే. ఆయన పత్రిక మడిచి పట్టుకుని వచ్చి, నా బల్ల మీద పరిచి, సరిగ్గా ఆ మాట మీద వేలు పెట్టాడు. "దీనర్థమేంటండీ?" అన్నాడు, అరవలేదు కూడా. అబద్ధం రాయలేదని చెప్పొచ్చు. నోరు రాలేదు. ఆయన వేలు తీసేదాకా ఆ గోరు వైపే చూస్తూ కూర్చున్నాను.

ఇక నీ పేజీలు. రెండో పేజీలో 'అమిడ్ టైట్ సెక్యూరిటీ' ఉంచు, పోలీసులు నిజంగానే చుట్టూ ఉన్నారు. 'అమిడ్ ఫియర్స్' మూడు చోట్ల ఉంది. ఎవరి భయం? మార్కెట్టువాళ్లదా, ఊరివాళ్లదా, నీదా? ఫోను చేసి కనుక్కుని ఆ మనిషిని కర్తగా కూర్చోబెట్టు. దొరక్కపోతే ఆ ముక్కే కొట్టెయ్. మిగతా ఏడింటికీ పక్కన ప్రశ్నార్థకాలు పెట్టాను. మూడో పేజీలో రాజీనామా వార్త పక్కన రెండు పెట్టాను, అది ముందు చూడు.

ఇట్లు,
పెద్దనాన్న