పోర్ట్రెయిట్ ఫొటోలు తీయడం నేర్చుకోవాలంటే ముందు లెన్స్ కొనాలా, కోర్సులో చేరాలా?

మీ ప్రశ్న సారాంశం ఇదీ: కిట్ లెన్స్‌తో వచ్చిన డీఎస్ఎల్ఆర్ కొన్నారు. ఇంట్లోవాళ్లను ఫొటో తీస్తే ముఖాలు చప్పగా, నల్లగా వస్తున్నాయి. 85 మి.మీ. లెన్స్ కొనమని ఒకరు, వారాంతపు కోర్సులో చేరమని ఇంకొకరు చెప్పారు. నన్నడిగితే ఇప్పటికి ఆ రెండూ వద్దు. ఒక కిటికీ, ఒక స్టూలు, ఓపికగా కూర్చునే మనిషి ఒకరు ఉంటే మొదలుపెట్టవచ్చు.

నేను పని నేర్చుకున్నది భీమవరంలో మా మేనమామ స్టూడియోలో. తర్వాత చాలాకాలం పెళ్లిళ్లు తీశాను, ఇప్పుడు ఎక్కువగా విడి మనుషుల ఫొటోలే తీస్తున్నాను. స్టూడియోకు వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాస్‌పోర్ట్ సైజు ఫొటో కోసమే వచ్చేవారు. ఆ పనంటే చాలామందికి చిన్నచూపు. కానీ అదే గది, అవే గొడుగు లైట్లు, అదే తెర, మారేది ఎదురుగా కూర్చున్న మనిషి ఒక్కరే కావడంతో ముఖాన్ని చూడటం దానంతట అదే అలవాటవుతుంది. ఎవరి ముక్కు కాస్త పక్కకు వాలింది, ఎవరికి ఒక కన్ను చిన్నది, ఎవరు గడ్డం దించితే మెడ దగ్గర మడత పడుతుంది, ఇవన్నీ కుర్చీలో కూర్చునేలోపే కనిపించేస్తాయి. మీకు కావలసింది ఆ చూపు.

లెన్స్ సంగతి ముందే తేల్చేద్దాం. కెమెరాతో పాటు వచ్చిన మీ 18-55 మి.మీ. కిట్ లెన్స్‌ను 55 దగ్గర పెట్టి, ఇక తిప్పడం మానేయండి. మీ కెమెరాలో వెలుగును పట్టే పలక, అంటే సెన్సర్, ఫుల్ ఫ్రేమ్ అనే పెద్ద సెన్సర్ కెమెరాలదానికన్నా చిన్నది. క్యానన్ అయితే 1.6, నికాన్ అయితే 1.5 రెట్లు లెక్క వేసుకుంటే, ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు 82 నుంచి 88 మి.మీ. లెన్స్ తగిలించినప్పుడు ఎంత మేర కనిపిస్తుందో మీకూ అంతే కనిపిస్తుంది. అంటే మిమ్మల్ని కొనమన్న 85 ఇచ్చే కోణం ఇప్పటికే మీ సంచిలో ఉంది. మనిషికి ఆరేడు అడుగుల దూరంలో నిలబడితే తల నుంచి నడుము దాకా ఫ్రేములోకి వస్తుంది.

ముఖం ఆకారాన్ని లెన్స్ మారుస్తుందని చాలామంది నమ్మకం. మార్చేది దూరం. అడుగున్నర దూరం నుంచి తీస్తే, చెవులతో పోలిస్తే ముక్కు కెమెరాకు బాగా దగ్గరైపోతుంది కనుక అది ఉబ్బినట్టు, చెవులు వెనక్కి పోయినట్టు కనిపిస్తాయి. సెల్ఫీ చూసుకుని బాధపడేవాళ్లందరి కథా ఇదే. ఏడడుగుల నుంచి చూస్తే ఆ నాలుగైదు అంగుళాల తేడా లెక్కలోకి రాదు. ఫోనుతో తీసినా ఇదే సూత్రం: ముఖం మీదికి వెళ్లకుండా, వెనక్కి జరిగి 2ఎక్స్ నొక్కండి. ఫోనులోని పోర్ట్రెయిట్ మోడ్ జోలికి మాత్రం కొన్నాళ్లు పోకండి. జడలో మల్లెపూల అంచులను, బుట్టలోలాకులను సగం నేపథ్యంలో కలిపేసి మసక చేస్తుంది. వెనక మసకబారాలంటే మనిషిని గోడకు ఆనించి నిలబెట్టకుండా పదడుగులు ముందుకు రప్పించండి, 5.6 అపెర్చర్‌తోనే (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం; అంకె తగ్గేకొద్దీ రంధ్రం పెద్దది, వెనక మసక ఎక్కువ) గోడ మెత్తబడుతుంది.

ఇక వెలుగు. దీనికి ఎంత సమయం పెట్టినా తక్కువే.

నేరుగా ఎండ పడని కిటికీ చూసుకోండి. ఉత్తరం వైపుదైతే రోజంతా దాదాపు ఒకేలా ఉంటుంది. గదిలో లైట్లన్నీ ఆర్పేయండి. కిటికీకి మూడడుగుల దూరంలో స్టూలు వేసి, మనిషిని కిటికీకి ఎదురుగా కూర్చోబెట్టండి. మీరు కిటికీకి వీపు పెట్టి, వెలుగుకు అడ్డం రాకుండా ఓ పక్కగా నిలబడి ఒకటి తీయండి. ముఖమంతా సమానంగా వెలుగుతుంది, కానీ ఎత్తుపల్లాలు కనిపించవు. మీరు చప్పగా ఉందంటున్నది దీన్నే. ఇప్పుడు మీరు నెమ్మదిగా కిటికీ పక్క గోడ వెంబడి జరుగుతూ, వాళ్ల ముఖాన్నీ మీ వైపు తిప్పించండి. ఆ సమయంలో కెమెరాలోకి కాకుండా ముక్కు నీడను చూడండి. మొదట అది ముక్కు పక్కన సన్నని గీతలా ఉంటుంది. ఇంకాస్త తిరిగితే పెదవి మూల వైపు జారుతుంది. ఇంకొంచెం తిరిగేసరికి చెంప మీది నీడతో కలిసిపోతుంది, నీడ వైపు కంటి కింద మాత్రం చిన్న త్రికోణం ఆకారంలో వెలుగు మిగులుతుంది. 17వ శతాబ్దపు డచ్ చిత్రకారుడి పేరు మీద దీన్ని రెంబ్రాంట్ లైటింగ్ అంటారు. అక్కడి నుంచి ఇంకా తిప్పితే ఆ త్రికోణమూ పోయి ముఖం సగం వెలుగు, సగం చీకటి అవుతుంది. పేర్లు గుర్తుండకపోయినా పర్వాలేదు. నీడ ఎటు నడిచిందో కళ్లతో చూశారా లేదా అన్నదే ముఖ్యం.

త్రికోణం రావడం లేదంటే చాలావరకు వెలుగు కింది నుంచి వస్తోందన్నమాట. మన పాత ఇళ్లలో కిటికీలు కిందికి ఉంటాయి, పైన రెండు, కింద రెండు రెక్కలుంటాయి. కింది రెక్కలు మూసి పైవి మాత్రం తెరిస్తే వెలుగు కంటికన్నా ఎత్తు నుంచి పడుతుంది. కొత్త అపార్ట్‌మెంట్లలో జరిపే అద్దాల కిటికీలైతే కింది సగానికి మందపాటి దుప్పటి కట్టండి.

నీడ మరీ నల్లగా ఉంటే అటువైపు తెల్ల పంచె ఒకటి కుర్చీ మీద ఆరేయండి, లేదా థర్మాకోల్ షీట్ నిలబెట్టండి. దాన్ని దగ్గరికి జరిపేకొద్దీ చెంప ఎలా తేలుతుందో చూస్తూ జరపండి. నీడ ఇంకా చిక్కబడాలంటే అదే చోట నల్ల దుప్పటి పెట్టండి. ఈ రెండోది చాలామందికి తట్టదు, కానీ ముఖం గుండ్రంగా ఉన్నవాళ్లకు ఎంతో పనికొస్తుంది. స్టూలు దూరంతోనూ ఆడుకోవచ్చు. బల్బు లాంటి చిన్న వెలుగుకు రెండింతల దూరంలో కూర్చుంటే నాలుగో వంతు వెలుగే అందుతుంది. కిటికీ పెద్దది కాబట్టి లెక్క అంత కచ్చితంగా ఉండదు. అయినా స్టూలును కిటికీకి బాగా దగ్గరగా వేస్తే ముఖంలో ఒక వైపుకూ ఇంకో వైపుకూ తేడా పెరుగుతుంది, దూరంగా వేస్తే తగ్గుతుంది.

బయట తీయాలంటే ఉదయపు నీరెండో, సాయంత్రమో మంచిదని అందరూ చెబుతారు. మిట్టమధ్యాహ్నమే తీయాల్సి వస్తే? చూరు కింద అరుగు మీద కూర్చోబెట్టండి. నెత్తిమీది ఎండను చూరు ఆపుతుంది, ముందున్న వాకిలి మీద పడ్డ ఎండ తిరిగి ముఖం మీదికి మెత్తగా వస్తుంది, కళ్ల కింద గుంటలు నిండుతాయి. అంతకన్నా మంచి స్టూడియో ఎవరూ కట్టలేరు. చెట్టు నీడ కన్నా ఇదే నయం. వేపచెట్టు కింద ఆకుల సందుల్లోంచి ఎండపొడలు పడి నుదుటి మీద మచ్చలు చేస్తాయి.

నీడతో పాటు రంగునూ కనిపెట్టుకుని ఉండాలి. పెళ్లిళ్లలో ఎర్రటి, పసుప్పచ్చటి షామియానా కింద తీసిన ఫొటోల్లో అందరి ముఖాలూ కందిపోయినట్టు ఎందుకుంటాయంటే, గుడ్డలోంచి దిగే ఎండ ఆ రంగు పూసుకుని దిగుతుంది. వైట్ బ్యాలెన్స్, అంటే కెమెరాలో రంగు సర్దే అమరిక, సరిచేసినా పూర్తిగా పోదు. షామియానా అంచుకు తీసుకొచ్చి, ముఖం బయటికి తిప్పితే సగం బాధ తీరుతుంది. ఇంట్లో ఆకుపచ్చ గోడ పక్కన కూర్చోబెడితే ఆ వైపు దవడ పచ్చబడుతుంది. ట్యూబ్‌లైటు, కిటికీ వెలుగు కలిస్తే రెండు చెంపలకు రెండు రంగులు వస్తాయి. లైట్లు ఆర్పేయమన్నది అందుకే.

ముఖాలు నల్లగా రావడానికి కారణం మీ కెమెరాలో వెలుగు కొలిచే మీటర్. ఎదురుగా ఏది ఉన్నా దాన్ని మధ్యరకం బూడిద రంగుకు తేవాలని చూస్తుంది. తెల్ల గోడ ముందు తెల్ల చొక్కాతో మనిషిని నిలబెడితే, ఇంత తెలుపేమిటని మొత్తం వెలుగు తగ్గించేస్తుంది, ముఖం మునిగిపోతుంది. అప్పుడు ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (మీటర్ లెక్కను మనం సవరించే +/- అమరిక) ఒక స్టాప్, అంటే వెలుగు రెట్టింపు అయ్యేంత, పెంచండి. నల్ల తెర ముందు దీనికి తిరగేసి చేయాలి. ఇంకా సులువు, స్పాట్ మీటర్ (ఒక్క చిన్న చోటునే కొలిచే పద్ధతి) పెట్టి చెంప మీద వెలుగు కొలవడం. చామనఛాయ చెంపకు మీటర్ చెప్పినది దాదాపు సరిపోతుంది, బాగా నలుపైతే కొద్దిగా తగ్గించాలి, తెలుపైతే కొద్దిగా పెంచాలి. షట్టర్ వేగం సెకనులో 1/125 వంతు కన్నా దిగనివ్వకండి, పిల్లలకైతే 1/250 పైన ఉంచండి, కావాలంటే ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోండి. దానివల్ల కాస్త గింజలు, అంటే సన్నని చుక్కలు, పడ్డ ఫొటో పర్వాలేదు, కదిలిపోయిన ఫొటోకు మందు లేదు. ఫోకస్ పాయింట్ ఒక్కటే ఎంచుకుని కెమెరాకు దగ్గరున్న కంటి మీద పెట్టండి. ఆ కంటిలో కిటికీ ప్రతిబింబం చిన్న తెల్ల చుక్కలా కనిపిస్తేనే నొక్కండి. ఆ చుక్క లేని కన్ను ఫొటోలో నిద్రపోతున్నట్టుంటుంది.

మనిషితో మెలగడం పుస్తకాల్లో తక్కువ, అనుభవంలో ఎక్కువ. కెమెరా ఎత్తగానే మనవాళ్లు బిగుసుకుపోతారు. చేతులు తొడలకు అతుక్కుంటాయి, భుజాలు చెవుల దాకా లేస్తాయి. “నవ్వండి” అంటే పళ్లు కనిపిస్తాయి, కళ్లు నవ్వవు. మా మామయ్య ఎప్పుడూ ఆ మాట అనేవాడు కాదు. “ఏ ఊరండీ మీది? ఈసారి వరి ఎట్లా ఉంది?” అని అడుగుతూ లైటు సర్దుతున్నట్టు నటించేవాడు. జవాబు చెప్పి పెదవులు మూసే క్షణంలో నొక్కేవాడు. ఆ క్షణంలో ముఖం తన మామూలు రూపానికి వచ్చేస్తుందని నేనూ తర్వాత వేలాది ముఖాల్లో చూశాను. చేతులకు పని ఇవ్వడం ఇంకో మార్గం. పూలు కట్టమనండి, చిక్కుళ్లు ఒలవమనండి, కళ్లద్దాలు తుడవమనండి. కళ్లద్దాల్లో కిటికీ మెరుస్తుంటే, చెవుల వెనక కొమ్మలను కాస్త పైకెత్తండి. అద్దాలు కిందికి వాలి మెరుపు పోతుంది. కళ్లు ఆర్పే అలవాటున్నవాళ్లను కళ్లు మూసుకోమని, మూడు లెక్కపెట్టి తెరవమనండి. భుజాలు దిగాలంటే గట్టిగా ఊపిరి వదలమనండి.

ముందుగా ఇంట్లో పెద్దవాళ్లను తీయండి. వాళ్లకు తీరిక ఉంటుంది, ముడతల్లో వెలుగునీడలు స్పష్టంగా తెలుస్తాయి. “ఇప్పుడెందుకురా, దండ వేయడానికా?” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. మీరూ నవ్వేసి తీయండి. స్టూడియోలో ఎన్నోసార్లు చూశాను, నాన్న పోయాక పెళ్లి గ్రూపు ఫొటో ఒకటి పట్టుకొచ్చి, మూడో వరసలో గోరంత ఉన్న ముఖం చూపించి, దీన్ని పెద్దది చేయమని అడిగేవారు. గోరంత ముఖంలోంచి ఎంత పెద్దది చేసినా కళ్లు రావు.

ఒక విషయంలో మాత్రం నాకు ఓపిక లేదు. చర్మాన్ని తెల్లబరచడం. పెళ్లిచూపుల ఫొటోల పుణ్యమా అని ఇది మన వృత్తికి పట్టిన జబ్బు. ఫిల్ము కాలంలోనూ నెగటివ్ మీద పెన్సిలుతో మచ్చలు సరిదిద్దేవారు. అది చేతిపని, కొలత ఉండేది. ఇప్పుడు ఒక్క స్లయిడర్ జరిపితే ముఖం పిండిబొమ్మలా తయారవుతుంది, చేతులు మాత్రం అసలు రంగులోనే ఉంటాయి. నాలుగు రోజుల్లో పోయే మొటిమను తీసేయండి, పుట్టుమచ్చను ఉంచండి, రంగును ముట్టుకోకండి. ఇందుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్, ఫోనులో స్నాప్‌సీడ్ ఉచితంగానే దొరుకుతాయి. రా ఫార్మాట్‌లో (సెన్సర్ పట్టినదంతా కుదించకుండా దాచే ఫైలు) తీస్తే మీటర్ తప్పినప్పుడు సర్దుకోవడానికి కాస్త వెసులుబాటు ఉంటుంది.

కోర్సు సంగతి. వృత్తిగా తీసుకోవాలనుకుంటే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఫొటోగ్రఫీలో డిగ్రీయే ఉంది. సరదా కోసమైతే మంచి పోర్ట్రెయిట్లు చూడటమే కోర్సు. లాలా దీన్‌దయాళ్ ఫొటోలతో మొదలుపెట్టండి. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫర్ ఆయన. సికింద్రాబాద్‌లో స్టూడియో నడిపాడు. పరదా పాటించే స్త్రీల కోసం 1892లో హైదరాబాద్‌లో విడిగా జెనానా స్టూడియో తెరిచి, ఫొటోలు తీయడానికి ఒక ఆంగ్ల మహిళను పెట్టాడు. ఆయన గాజు నెగటివ్‌లు దిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. ఆ ఫొటోల్లో నగలు, తలపాగాలు చూసి ఆగిపోకండి. ముక్కు నీడ ఎటుందో చూసి వెలుగు ఎటు నుంచి వచ్చిందో, ఎంత ఎత్తు నుంచి వచ్చిందో చెప్పగలరేమో ప్రయత్నించండి. ఇదే పని బస్సులో ఎదుటి సీటు మనిషి ముఖం మీదా చేయవచ్చు, ఖర్చు లేదు.

ఇవన్నీ చేతికి వచ్చాక కూడా డబ్బు ఖర్చు పెట్టాలనిపిస్తే, 85 కన్నా ముందు 50 మి.మీ. ఎఫ్ 1.8 (అపెర్చర్ 1.8 దాకా తెరుచుకునే) లెన్స్ కొనండి. చాలా చవక, మీ కెమెరాకు సరిగ్గా పోర్ట్రెయిట్ కోణం ఇస్తుంది. కొన్న ఉత్సాహంలో అన్నీ 1.8 దగ్గరే తీయకండి. దగ్గరి నుంచి తీస్తే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా వస్తుంది. 2.8 నుంచి 4 మధ్య ఉంచండి. సెకండ్ హ్యాండ్‌ది కొనేటట్టయితే వెనక నుంచి టార్చి వేసి లోపలికి చూడండి. సాలెగూడు దారాల్లా ఏవైనా కనిపిస్తే అది బూజు, తీసుకోవద్దు. కోస్తా ఊళ్లలో వానాకాలం ఉక్కకు మంచి లెన్స్‌కు కూడా పడుతుంది కాబట్టి, గాలి చొరబడని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి. తోలు సంచిలో పెట్టి బీరువాలో మూసేయవద్దు.