పాఠకుల ప్రశ్నలు – జవాబులు: స్నేప్ వేషం వచ్చేదాకా పాపా ఎస్సియెడూ ఏం చేశాడు?

ప్ర: కొత్తగా తీస్తున్న హ్యారీ పోటర్ టీవీ సిరీస్‌లో స్నేప్‌గా, అదే ఆ మాయల బడిలో మాస్టారిగా, పాపా ఎస్సియెడూ అనే ఆయన్ని తీసుకున్నారట. ఫేస్‌బుక్‌లో ఎక్కడ చూసినా తిట్లే. అసలు ఎవరండీ ఈయన? ముందు ఏమైనా చేశాడా, లేక ఊరికే తెచ్చి పెట్టారా? – ఒక పాఠకుడు, విజయనగరం

జ: చాలా చేశాడండీ, కాకపోతే మనదాకా వచ్చే రకం పనులు కావు. 1990లో లండన్‌లో పుట్టాడు, తల్లిదండ్రులది ఘనా, తూర్పు లండన్‌లో తల్లి దగ్గరే పెరిగాడు. గిల్డ్‌హాల్ స్కూల్‌లో యాక్టింగ్ చదివి 2012లో బయటికొచ్చాడు, అదే ఏడాది రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో చిన్న వేషాలతో మొదలుపెట్టాడు. 2016కల్లా అదే కంపెనీలో షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్‌లో హీరో హామ్లెట్‌గా వేశాడు, అప్పటికి పాతికేళ్ళు, ఆ కంపెనీలో హామ్లెట్ వేసిన మొదటి నల్లజాతి నటుడు ఇతనే. ఆ ఏడాది పనికి ఇయాన్ చార్ల్‌సన్ అవార్డు కూడా వచ్చింది, అది పాత క్లాసిక్ నాటకాల్లో బాగా చేసిన 30 ఏళ్ళ లోపు వాళ్ళకి ఇచ్చేది. స్నేప్‌గా ఎంపికైన సంగతి 2025 ఏప్రిల్‌లో చెప్పారు, అంటే గిల్డ్‌హాల్ గడప దాటిన పదమూడేళ్ళకి.

తిట్లలో సగం రంగు గురించే, వాటికి నేను జవాబు చెప్పను. "సినిమాల్లో స్నేప్ వేసిన అలన్ రిక్‌మన్‌లా ఎవరు చేస్తారు" అనే బాధ మాత్రం నిజమైనదే, నాకూ రిక్‌మన్ అంటే ప్రాణం. కానీ రిక్‌మన్ ఎక్కడినుంచి వచ్చాడో చూడండి, ముందు గ్రాఫిక్ డిజైన్ చేసుకుంటూ 26 ఏళ్ళకి డ్రామా స్కూల్లో చేరాడు, తర్వాత ఏళ్ళ తరబడి నాటకాలు, 1982లో బీబీసీ సీరియల్ ఒకటి, 1985లో ఇదే రాయల్ షేక్‌స్పియర్ కంపెనీలో వేసిన ఒక నాటకం న్యూయార్క్ దాకా వెళ్ళాక గానీ హాలీవుడ్ పిలుపు రాలేదు, అప్పటికి నలభై దాటాయి. ఇద్దరూ వచ్చింది ఒకే దారిలో. ఇంకోటి, మొదటి పుస్తకంలో స్నేప్ వయసు 31, రిక్‌మన్ మొదటి సినిమా వచ్చేసరికి ఆయనకి 55. వయసు లెక్కన చూస్తే కొత్తాయనే పుస్తకానికి దగ్గర.

ప్ర: ఇతను ఎవరికో ఒంట్లో బాలేకపోతే మధ్యలో స్టేజీ ఎక్కి పేరు తెచ్చుకున్నాడని విన్నాను. అలా ఎలా కుదురుతుంది సార్, డైలాగులు ముందే వచ్చా? – డిగ్రీ విద్యార్థిని, కరీంనగర్

జ: ఇది నాకు చాలా ఇష్టమైన కథమ్మా, కాస్త వివరంగానే చెప్తాను.

2014లో లండన్ నేషనల్ థియేటర్‌లో సామ్ మెండిస్ డైరెక్షన్‌లో షేక్‌స్పియర్ నాటకం కింగ్ లియర్ ఆడుతోంది, లియర్‌గా సైమన్ రసెల్ బీల్, హాలేమో వెయ్యి మందికి పైగా పట్టే ఆలివియే. అందులో మనవాడిది బర్గండీ ప్రభువు వేషం, మొదటి సీన్‌లో వస్తాడు, రాజుగారి చిన్న కూతురికి కట్నం లేదని తేలగానే ఈ పెళ్ళి నాకొద్దని చెప్పి వెళ్ళిపోతాడు, అంతటితో ఆ పాత్ర అయిపోయింది. దాంతోపాటు ఎడ్మండ్ పాత్రకి అండర్‌స్టడీగా కూడా ఇతన్నే పెట్టారు. అండర్‌స్టడీ అంటే అసలు నటుడు రాలేకపోతే ఆ వేషం కట్టడానికి రెడీగా ఉండాల్సినవాడు. డైలాగులు మొత్తం కంఠతా రావాలి, ఎక్కడ నిలబడాలి, ఎటునుంచి రావాలి, ఎప్పుడు ఎవరి చెయ్యి పట్టుకోవాలి అన్నీ తెలిసుండాలి. మామూలుగా వీళ్ళ రిహార్సల్స్ విడిగా అసిస్టెంట్ డైరెక్టర్ దగ్గర జరుగుతాయి, అసలు హీరో ఎదురుగా నిలబడి చేసే ఛాన్స్ పెద్దగా దొరకదు. చాలామంది అండర్‌స్టడీలు అంతా నేర్చుకుని ఒక్కసారి కూడా ఆ వేషంలో స్టేజీ ఎక్కకుండానే షో ముగిసిపోతుంది, ఆ కష్టం ఎవరికీ తెలియదు కూడా.

అలాంటిది ఒకరోజు షో నడుస్తుండగానే ఎడ్మండ్ వేస్తున్న సామ్ ట్రౌటన్ గొంతు పోయింది. మిగతా నాటకం ఎస్సియెడూ ఆడాలి. ఎడ్మండ్ అంటే అల్లాటప్పా వేషం కాదు, తండ్రిని మోసం చేసి, అన్నని ఇంట్లోంచి తరిమి, రాజుగారి పెద్ద కూతుళ్ళిద్దరినీ ప్రేమ పేరుతో ఆడించి, చివర్లో అన్నతోనే కత్తియుద్ధం చేసి చచ్చిపోవాలి. జనం సగం కథ వేరే మొహంతో చూసేశారు, ఇప్పుడు ఈ కొత్త మొహాన్ని అదే మనిషిగా ఒప్పుకోవాలి. ఒప్పుకున్నారు, పేపర్లలో పేరు వచ్చింది. దీన్ని అదృష్టం అంటే నేనొప్పుకోను, ఆ రాత్రి పిలుపు రాకపోయినా ఆ డైలాగులు ఇతనికి వచ్చే ఉండేవి కదా. రెండేళ్ళకి, 2016లో, రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ ఆంటొనీ షేర్‌తో కింగ్ లియర్ వేసినప్పుడు ఎడ్మండ్ పూర్తిగా ఇతనిదే.

ప్ర: మా బాబు ఇంటర్ బైపీసీ. ఈ పాపా అనే అతను మెడిసిన్ సీటు వదిలేసి నాటకాల్లోకి వెళ్ళాడని చూపించి నేనూ మానేస్తా అంటున్నాడు. నిజమేనా? ఏం చెప్పమంటారు? – ఒక అమ్మ, గుంటూరు

జ: నిజమేనమ్మా, యూనివర్సిటీ కాలేజ్ లండన్‌లో మెడిసిన్‌కి సీటు ఉండి కూడా గిల్డ్‌హాల్‌కి వెళ్ళాడు. కానీ బాబుకి మిగతా సగం కూడా చెప్పండి. అతను చదువు మానలేదు, ఒక చదువు బదులు ఇంకో చదువు ఎంచుకున్నాడు, అది కూడా ఆడిషన్లలో వడపోసి కొద్దిమందినే తీసుకునే మూడేళ్ళ కోర్సు. గొంతు, ఒళ్ళు, కవిత్వం చదవడం, అన్నీ రోజూ క్లాసులే. తండ్రి చిన్నప్పుడే పోయాడు, డ్రామా స్కూల్లో ఉండగానే తల్లి క్యాన్సర్‌తో పోయింది, అయినా కోర్సు పూర్తి చేశాడు. ఆ తర్వాత కూడా హామ్లెట్ దాకా రావడానికి నాలుగేళ్ళు పట్టింది. బాబుకి నిజంగా ఇష్టముంటే కోప్పడకండి, ముందు మీ ఊళ్ళోనే ఏదైనా నాటక సమాజంలో ఒక ఏడాది రిహార్సల్స్‌కి వెళ్ళమనండి, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో పీజీ ఉంది, ఢిల్లీలో నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామా ఉంది, రెంటికీ డిగ్రీ అయ్యాకే కాబట్టి ఇంటర్ మానేయాల్సిన పనే లేదు.

ప్ర: నాటకాలు వేసేవాళ్ళు టీవీకి వస్తే ఓవర్ చేస్తారు కదా? – ఒక పాఠకుడు, బళ్ళారి

జ: కొందరు చేస్తారు. ఇతను చేయడు. 2020లో వచ్చిన ఐ మే డిస్ట్రాయ్ యూ చూడండి, గిల్డ్‌హాల్‌లో ఇతనితో చదువుకున్న మికేలా కోయెల్ రాసి నటించిన సిరీస్. ఇతనిది క్వామె అనే పాత్ర, తనమీద జరిగిన లైంగిక దాడి గురించి చెప్పుకోడానికి పోలీస్ స్టేషన్‌కి వెళ్తాడు. అవతల కూర్చున్న పోలీసాయనకి వినడమే ఇబ్బంది, ఎటో చూస్తూ ప్రశ్నలు వేస్తుంటాడు. మామూలుగా నవ్వుతూ తుళ్ళుతూ ఉండే ఆ మనిషి ఆ గదిలో మాట మాటకీ కుంచించుకుపోతాడు, అరుపుల్లేవు, ఏడుపుల్లేవు, చెప్పడానికొచ్చినవాడు చెప్పడం మానుకోవడం మన కళ్ళముందే జరుగుతుంది. వెయ్యి మందికి వినపడేలా హామ్లెట్ చెప్పిన గొంతు అది! ఈ పాత్రకి బ్రిటన్ వాళ్ళ బాఫ్టా, అమెరికా వాళ్ళ ఎమ్మీ, ఈ రెండు టీవీ అవార్డుల్లోనూ నామినేషన్లు వచ్చాయి. పెద్దలకి మాత్రమే, పిల్లలతో కూర్చుని చూసేది కాదు.

ప్ర: ఆ హామ్లెట్ ఇప్పుడు చూసే వీలుందా? – ఒక పాఠకురాలు, డాలస్

జ: ఉందండీ. రాయల్ షేక్‌స్పియర్ కంపెనీ సొంత ఊరు స్ట్రాట్‌ఫర్డ్‌లో ఆడుతున్నప్పుడే కెమెరాలు పెట్టి సినిమా హాళ్ళకి లైవ్ ఇచ్చారు, తర్వాత డిస్క్ కూడా వచ్చింది, మీ ఊరి పబ్లిక్ లైబ్రరీలో అడగండి. డైరెక్టర్ సైమన్ గాడ్విన్ కథని పశ్చిమ ఆఫ్రికా వాతావరణంలోకి మార్చాడు, నటుల్లో ఎక్కువమంది నల్లవాళ్ళే, డప్పులు మోగుతుంటాయి. హామ్లెట్ యూనివర్సిటీలో పట్టా పుచ్చుకునే సీన్‌తో మొదలవుతుంది, అంటే ఇంకా కుర్రాడే, చేతికి పట్టా వచ్చిందో లేదో తండ్రి పోయాడని కబురు. తర్వాత పిచ్చివాడిలా నటించేటప్పుడు ఒంటిమీద సూటంతా రంగులు చల్లుకుని, కుంచె పట్టుకుని తిరుగుతుంటాడు. షేక్‌స్పియర్ ఇంగ్లిష్ కష్టంగా అనిపిస్తే ముందు కథ తెలుగులో ఒకసారి చదివి, సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి, మొదటి అరగంట ఓపిక పడితే చాలు.