దొన్‌స్కోయ్ ఓడలో 200 టన్నుల బంగారం ఉందన్నది నిజమేనా?

నమ్మలేం. దిమిత్రీ దొన్‌స్కోయ్ సుమారు 6,000 టన్నుల రష్యా యుద్ధనౌక. జపాన్‌తో జరిగిన సుషిమా సముద్ర యుద్ధంలో దెబ్బతింటే 1905 మే 29న కొరియాలోని ఉల్లుంగ్ దీవి దగ్గర సిబ్బందే ముంచేశారు. 200 టన్నుల బంగారం మన బెజవాడ ఇళ్లలో చిన్న వంటగదిలో సగానికి సరిపోతుంది, బరువు మాత్రం పది ఇసుక లారీలంత! బొగ్గు, గుండ్లతో కిక్కిరిసిన ఓడలో, అదీ యుద్ధానికి వెళ్తూ, అంత బరువు ఎవరు ఎక్కిస్తారు? పైగా ఓడ వెళ్తున్న రష్యా రేవు వ్లాదివొస్తోక్‌కి అప్పటికే రైలుంది, బంగారం పంపాలంటే అందులోనే పంపొచ్చు.

2018లో ఒక కొరియా కంపెనీ 430 మీటర్ల లోతున ఓడను చూపించింది. వెనుక భాగంలో పేరు కనిపించింది, బంగారం కనిపించలేదు. ఈలోగా ఆ బంగారం పేరు చెప్పి కంపెనీవాళ్లు డిజిటల్ నాణేలు అమ్మేసుకున్నారు, అసలు వ్యాపారం అదే.

రెండో ప్రపంచ యుద్ధంలో మునిగిన బ్రిటన్ యుద్ధనౌక ఎడిన్‌బరో కథ వేరు: బంగారం ఎక్కించినట్టు రికార్డులున్నాయి. అందుకే 1981లో 465 కడ్డీల్లో 431 పైకొచ్చాయి.