టర్బో పెట్టాక ఇవాప్ పైపులు తీసేసి మూతలు బిగించేయొచ్చా?

మీరు శాన్ హోసేలో ఉంటున్నారు, 2001 మాజ్డా మియాటా కారుకి టర్బో కిట్ పెట్టిస్తున్నారు. చోటు చాలడం లేదని, ఇవాప్ (పెట్రోల్ ఆవిరి బయటికి పోకుండా పట్టే సిస్టమ్) బొగ్గు కానిస్టర్ అనే డబ్బా నుంచి ఇంజిన్‌కి వచ్చే పైపు పీకేసి రెండు వైపులా రబ్బరు మూతలు పెట్టేయమని మీ ఫ్రెండ్ సలహా ఇచ్చాడు. అలా చేస్తే ఏమవుతుందని అడిగారు.

చేయకండి. పైపు దారి మార్చుకోవచ్చు గానీ మూసేయకూడదు. ట్యాంకులో పెట్రోల్ ఎండకి ఆవిరవుతూనే ఉంటుంది. బండి ఆగి ఉన్నప్పుడు ఆ ఆవిరిని కానిస్టర్‌లోని బొగ్గు పీల్చుకుంటుంది. ఇంజిన్ వేడెక్కాక కానిస్టర్‌కీ ఇంజిన్‌కీ మధ్య ఉండే పర్జ్ వాల్వ్ తెరుచుకుంటుంది, మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) వాక్యూమ్ ఆ ఆవిరిని లాక్కుంటుంది, ఇంజిన్ కాల్చేస్తుంది. ఇంజిన్ వైపు మూత పెడితే బొగ్గు ఖాళీ అయ్యే దారి ఉండదు. నాలుగు రోజులకి బొగ్గు నిండిపోయి, ఆవిరి వెంట్ (కానిస్టర్‌కి గాలి ఆడే దారి) గుండా బయటికి వస్తుంది. ఇక్కడ చాలామందికి గరాజ్ ఇంటికి ఆనుకునే ఉంటుంది, అందులోనే గ్యాస్ వాటర్ హీటర్ కూడా. పెట్రోల్ వాసన అక్కడ ఉండకూడదు. పోనీ ఇది తీసేస్తే పవర్ పెరుగుతుందా అంటే, అదీ లేదు.

టర్బో కార్లలో అసలు చూసుకోవాల్సింది చెక్ వాల్వ్, అంటే ఒక వైపుకే పోనిచ్చే వాల్వ్. మామూలు ఇంజిన్‌లో మానిఫోల్డ్ ఎప్పుడూ లాక్కుంటుందే తప్ప వెనక్కి నెట్టదు. టర్బో వచ్చాక పెడల్ గట్టిగా తొక్కితే అక్కడ ప్రెషర్ పుడుతుంది. పాత పర్జ్ వాల్వ్ మానిఫోల్డ్ వైపు నుంచి వచ్చే ప్రెషర్‌ని ఆపడానికి తయారైంది కాదు. గాలి దాన్ని దాటి కానిస్టర్‌లోకీ ట్యాంకులోకీ పోతుంది. అందుకే మానిఫోల్డ్‌కీ పర్జ్ వాల్వ్‌కీ మధ్య ఒక చెక్ వాల్వ్ ఉండాలి. బాణం గుర్తు మానిఫోల్డ్ వైపు చూడాలి. కొత్త వాల్వ్‌ని బిగించే ముందు నోటితో ఊది చూడండి: ఒక వైపు పోవాలి, రెండో వైపు అస్సలు పోకూడదు.

నాదీ అలాంటి కారే, శాక్రమెంటోలో ఉంటాను. నా కిట్‌తో పాటు వచ్చిన చెక్ వాల్వ్ మామూలు వాక్యూమ్ లైన్లకి వాడే రకం. పెట్రోల్ ఆవిరికి లోపలి రబ్బరు ఉబ్బి సరిగా తెరుచుకోవడం మానేసింది. మధ్యాహ్నం పార్కింగ్‌లో పెట్రోల్ వాసన, ఆ తర్వాత చెక్ ఇంజిన్ లైటు, పి0441 కోడ్ (ఆవిరి లాగుడు సరిగా లేదని). పర్జ్ వాల్వ్ పోయిందనే ఎవరైనా అనుకుంటారు. వేడెక్కిన ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా, చెక్ వాల్వ్ దాటాక పైపు విప్పి వేలు పెట్టి చూశాను. మానిఫోల్డ్ వైపు బాగా లాగుతోంది, వాల్వ్ అవతల ఏమీ లేదు. పెట్రోల్ ఆవిరికి తట్టుకునే చెక్ వాల్వ్ వేశాక మళ్లీ ఆ కోడ్ రాలేదు.

పైపుల విషయంలో కక్కుర్తి వద్దు. ఎరుపు, నీలం రంగుల్లో దొరికే సిలికాన్ పైపులు బానెట్ తీస్తే అందంగా ఉంటాయి గానీ, పెట్రోల్ ఆవిరి సిలికాన్ గోడలోంచే బయటికి పోతుంది. పైపు మీద ఎస్‌ఏఈ జే30ఆర్7 (పెట్రోల్ పైపుల ప్రమాణం) అని అచ్చు ఉన్నది కొనండి. టర్బో వేడికి దూరంగా తిప్పండి, మధ్యలో కిందికి వేలాడి పెట్రోల్ నిలిచేలా ఉండకూడదు. పి0442 వస్తే లీకు ఒక మిల్లీమీటరు రంధ్రమంత, పి0456 అయితే అందులో సగం. కంటికి ఆనదు. పైపుల్లోకి పొగ పంపి లీకు పట్టే పొగ టెస్టు చేయించండి. గరాజ్‌లో కంప్రెసర్ ఉంది కదా అని ఆ గాలి మాత్రం ఎక్కించకండి, ఈ సిస్టమ్ ఒక పీఎస్ఐ కూడా తట్టుకునేలా కట్టింది కాదు.

అన్నట్టు, బంకులో క్లిక్ అన్నాక ఇంకో రెండు సార్లు నొక్కి మూతి దాకా నింపే అలవాటు మనవాళ్లకి ఎక్కువ. ఆ ఎక్కువైన పెట్రోలే నేరుగా కానిస్టర్‌లోకి పోయి బొగ్గుని పాడు చేస్తుంది.

ఇక స్మాగ్ చెక్, అంటే కాలిఫోర్నియాలో కార్లకి చేసే కాలుష్య పరీక్ష. మీ కారు 2000 తర్వాతిది కాబట్టి కంప్యూటర్‌కి వైరు పెట్టి చదువుతారు, బానెట్ తెరిచి కూడా చూస్తారు. కానిస్టర్ పైపులు లేకపోతే అక్కడే ఫెయిల్. దేశమంతటికీ వర్తించే క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం కూడా అలా తీసేయడం చట్టవిరుద్ధమే. ఇవాప్ మానిటర్ (ఆ సిస్టమ్‌ని కారు కంప్యూటర్ తనంతట తాను పరీక్షించుకోవడం) ఒక్కటీ ఇంకా పూర్తి కాలేదని చూపిస్తే టెన్షన్ పడకండి, 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకి కాలిఫోర్నియా ఆ ఒక్కదానికే మినహాయింపు ఇస్తుంది. ట్యాంకు సగం దగ్గర ఉంచి, రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే నడిపితే అది త్వరగా పూర్తవుతుంది.

మీ కిట్‌కి కార్బ్ (కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ సంస్థ) ఇచ్చే ఈఓ నంబరు, అంటే అనుమతి నంబరు, ఉందో లేదో మీరు రాయలేదు. అది లేకపోతే పైపులన్నీ సరిగ్గా ఉన్నా ఆ టర్బోతో పాస్ అవ్వదు. డబ్బు కట్టేముందే అడగండి.