పాత టీవీ పాడైతే: రిపేరా, కొత్తదా?

పరాయి దేశానికి కొత్తగా వచ్చినవాళ్ళ ఇంట్లో టీవీ సాధారణంగా ఎవరో వాడినదే అయ్యుంటుంది. అది ఆగిపోగానే నలుగురూ చెప్పే మాట ఒకటే: "ఇక్కడ రిపేరు కంటే కొత్తదే చవక." పోయింది పానెల్, అంటే బొమ్మ కనిపించే గాజు తెర అయితే ఆ మాట నిజమే. వెనక వెలిగే లైట్లో, కరెంటు బోర్డో పోతే మాత్రం నిజం కాదు. చక్కగా మరో నాలుగైదేళ్ళు నడవాల్సిన టీవీలు ఎన్నో ఈ ఒక్క మాట మీద చెత్తకుప్పకు చేరుతున్నాయి. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది పానెల్ సంగతి. అందుకు మెకానిక్ అక్కర్లేదు, టార్చిలైటు ఉంటే చాలు.

దానికంటే ముందు చిన్న పనులు కొన్ని. గోడ దగ్గర ప్లగ్గు తీసేసి, టీవీకే ఉన్న పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకోండి. కొన్ని నిమిషాలాగి వేరే సాకెట్‌లో పెట్టండి. ఇరుక్కుపోయిన సాఫ్ట్‌వేర్ చాలాసార్లు ఇంతటితోనే దారికొస్తుంది. రిమోట్ మీద అనుమానముంటే దాన్ని ఫోన్ సెల్ఫీ కెమెరాకు చూపించి ఏదైనా బటన్ నొక్కండి. మామూలు రిమోట్ అయితే ఫోన్ తెర మీద దాని కొసన వెలుగు మెరవాలి. బొమ్మ మీద గీతలు వస్తుంటే టీవీ మెనూ తెరిచి చూడండి. మెనూ శుభ్రంగా ఉంటే తప్పు కేబుల్‌దో, సెట్‌టాప్ పెట్టెదో. మెనూ మీద కూడా గీతలుంటే టీవీదే.

ఇక టార్చి పరీక్ష. మాటలు వినిపిస్తూ తెర నల్లగా ఉంటే గది చీకటి చేసి, టార్చిని తెరకు దగ్గరగా ఏటవాలుగా పట్టుకుని చూడండి. లోపల బొమ్మ మసకగా కదులుతూ కనిపిస్తే పానెల్, బొమ్మను నడిపించే మెయిన్ బోర్డు రెండూ బతికే ఉన్నాయి. పోయింది బ్యాక్‌లైట్ (తెర వెనక వెలిగే లైటు), లేదా దానికి కరెంటు ఇచ్చే భాగం. ఎల్‌ఈడీ టీవీల్లో ఎక్కువగా వచ్చే జబ్బు ఇదే. తెర వెనక పట్టీల మీద ఎల్‌ఈడీలు వరసగా ఒకదాని తర్వాత ఒకటి కలిపి ఉంటాయి. ఒక్కటి తెగినా ఆ వరసంతా ఆరిపోతుంది. చాలా టీవీల్లో లోపం గమనించిన సర్క్యూట్ మిగతావాటినీ ఆపేస్తుంది. ఆన్ చేసిన క్షణం తెర మెరిసి వెంటనే నల్లబడడానికి కారణం అదే.

రిపేరుకు ఒప్పుకుంటే పట్టీలన్నీ ఒకేసారి మార్పించండి. పోయిన ఒక్క ఎల్‌ఈడీని మార్చి సరిపెడితే, అదే వయసున్న మిగతావి త్వరలోనే దాని దారి పడతాయి. పట్టీల ఖరీదు తక్కువే, కూలీయే ఎక్కువ. టీవీని బోర్లా పడుకోబెట్టి వెనక మూత విప్పాలి, తర్వాత తెర పైకి వచ్చేలా తిప్పి చుట్టూ ఉన్న ఫ్రేము తీయాలి. కాగితంలా పల్చని రిబ్బన్ కేబుళ్ళు తెగకుండా గాజు పలకను ఇద్దరు పట్టుకుని సమంగా పైకెత్తాలి. దాని కింద ఉన్న తెల్ల షీట్లు తీసిన వరసలోనే తిరిగి పెట్టాలి. పనిలో చెడేదంతా ఆ గాజు ఎత్తే దగ్గరే. 32 అంగుళాల టీవీని ఓపికున్నవాళ్ళు ఇంట్లోనే చేసుకోవచ్చు. 55 దాటితే గాజు తన బరువుకే వంగి పగిలే ప్రమాదం ఉంది కనుక దుకాణానికే ఇవ్వండి. గాజు పగిలితే ఎవరు భరిస్తారో ముందే రాయించుకోండి. బాగయ్యాక సెట్టింగుల్లో బ్యాక్‌లైట్‌ను 60, 70 శాతం దగ్గర ఉంచండి. ఎల్‌ఈడీలను చంపేది వేడి, ఆ వేడి వచ్చేది నూటికి నూరు వెలుగులో నడపడం వల్లే. కొన్ని టీవీల్లో బ్రైట్‌నెస్ అని ఉండేది నలుపు మోతాదును మార్చేది మాత్రమే, దాన్ని తగ్గిస్తే లాభం లేదు.

టీవీ ముందుండే ఎర్ర లైటు కూడా వెలగకపోతే, లేదా టక్ టక్ మని శబ్దం వచ్చి ఆగిపోతుంటే పవర్ బోర్డును, అంటే కరెంటు బోర్డును అనుమానించాలి. పైభాగం ఉబ్బిన కెపాసిటర్లు (కరెంటు నిలవ చేసే చిన్న డబ్బాల్లాంటి భాగాలు) దాని గుర్తు. వాటిని మార్చేవాళ్ళు అదే మైక్రోఫారడ్ విలువ, అంతే లేదా అంతకంటే ఎక్కువ వోల్టేజి, 105 డిగ్రీల రకం వేయాలి. టంకం పని రానివాళ్ళు బోర్డు మొత్తం మార్చుకోవచ్చు. కొన్ని మరలు, రెండు మూడు కనెక్టర్లు, అంతే. కొనేటప్పుడు టీవీ మోడల్ కంటే బోర్డు మీద అంటించిన నంబరే చూడండి. ప్లగ్గు తీసినా పెద్ద కెపాసిటర్‌లో కొంతసేపు వందల వోల్టులు నిలిచి ఉంటాయి. మీటరుతో కొలిచి చూసుకోవడం తెలియనివాళ్ళు ఈ బోర్డు ముట్టుకోవద్దు.

కంపెనీ లోగో వచ్చి, ఆగి, మళ్ళీ లోగో వస్తుంటే మెయిన్ బోర్డు లేదా అందులోని సాఫ్ట్‌వేర్. కంపెనీ సైటులో మీ మోడల్ సాఫ్ట్‌వేర్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో ఎక్కించి చూడండి. వాడిన బోర్డు కొంటే ఒక చిక్కుంది: ఒకే మోడల్ పేరుతో వేర్వేరు పానెల్స్ ఉన్న టీవీలు అమ్ముతారు. పానెల్ కలవకపోతే బొమ్మ తలకిందులుగానో, చిందరవందరగానో వస్తుంది. వెనక స్టిక్కర్ మీది వెర్షన్ నంబరు కూడా సరిపోవాలి.

వదిలేయాల్సినవి స్పష్టంగానే తెలుస్తాయి. గాజు పగిలి లోపల సిరా ఒలికినట్టు మరక వచ్చినవి, ఎప్పుడూ ఒకే చోట రంగు నిలువు గీత ఉండేవి, ఫ్రేము అంచును మెల్లగా నొక్కితే గీత మారేవి. ఇవన్నీ పానెల్ జబ్బులే. కొత్త పానెల్ ధర కొత్త టీవీ ధర దరిదాపుల్లో ఉంటుంది. అంచును వేడిచేసి అతికిస్తామనేవాళ్ళ పని ఎక్కువ కాలం నిలవదు, డబ్బు పెట్టకండి. ఓఎల్‌ఈడీ (బ్యాక్‌లైట్ లేకుండా తనంతట తానే వెలిగే రకం) తెర మీద ఛానెల్ లోగో అచ్చు పడిపోతే మెనూలో ఉండే పిక్సెల్ రిఫ్రెష్ ఒకసారి నడిపించండి. అయినా పోకపోతే దానికిక మందు లేదు.

స్మార్ట్ యాప్స్ నెమ్మదించాయనో, పనిచేయడం మానేశాయనో టీవీ మార్చడం మాత్రం అనవసరం. తెర బాగుంటే స్ట్రీమింగ్ స్టిక్ (టీవీ వెనక గుచ్చితే యాప్స్ నడిపే చిన్న పరికరం) ఒకటి చాలు. స్టిక్‌కు కరెంటు దాని అడాప్టర్ నుంచే ఇవ్వండి. టీవీ యూఎస్‌బీ పోర్టు చాలావాటిలో 0.5 ఆంపియర్లే ఇస్తుంది, అది చాలక స్టిక్ మాటిమాటికీ రీస్టార్ట్ అవుతుంది. మొదటి తరం 4కే టీవీల్లో హెచ్‌డీసీపీ 2.2 అనే కాపీ రక్షణ లేని పోర్టులుంటాయి. వాటిలో సినిమాలు 1080పీకి దిగిపోతాయి. రెండు మూడు మీటర్ల దూరంలో 40 అంగుళాల తెర మీద ఆ తేడా పట్టించుకోవాల్సినంత ఉండదు.

ఇండియా నుంచి, లేదా మరో దేశం నుంచి తెచ్చుకున్న టీవీ మీద రిపేరు డబ్బు పెట్టే ముందు వెనక లేబుల్ చదవండి. 100-240 వోల్టులు అని ఉంటే ఎక్కడైనా నడుస్తుంది. 220-240 మాత్రమే ఉంటే అమెరికా, కెనడాల 120 వోల్టులకు ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, అంత అవస్థ అక్కర్లేదు. 120 మాత్రమే ఉన్నదాన్ని 230లో పెడితే ఆ క్షణమే పవర్ బోర్డు పోతుంది. యాంటెన్నా ఛానెళ్ళను అందుకునే ట్యూనర్లూ వేరు. అమెరికా, కెనడాల్లో ప్రసార పద్ధతి ఏటీఎస్‌సీ, యూరప్‌లో డీవీబీ. యాంటెన్నా ఛానెళ్ళు రాకపోవడం అక్కడ జబ్బు కాదు, హెచ్‌డీఎంఐ పెట్టె మామూలుగానే పనిచేస్తుంది. గడ్డకట్టే చలిలోంచి ఇంట్లోకి తెచ్చిన టీవీని వెంటనే ఆన్ చేయకండి. లోపల బోర్డుల మీద తేమ పడుతుంది, కొన్ని గంటలు గది వేడికి రానివ్వండి.

డబ్బు ఎవరు పెట్టాలన్నదీ చూసుకోవాలి. యూరోపియన్ యూనియన్‌లో దుకాణంలో కొన్న కొత్త టీవీకి కనీసం రెండేళ్ళ చట్టబద్ధ హామీ ఉంది. 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న నియమం ప్రకారం, ఆ మోడల్ చివరి టీవీ మార్కెట్లోకి వచ్చాక ఏడేళ్ళ పాటు పవర్ సప్లయి వంటి కొన్ని విడిభాగాలు రిపేరుదార్లకు దొరకాలి. బ్రిటన్‌లో 2015 నాటి వినియోగదారుల చట్టం కింద, లోపం మొదటినుంచీ ఉన్నదని చూపగలిగితే వారంటీ దాటాక కూడా అమ్మిన దుకాణాన్ని అడగొచ్చు. ఫర్నిచర్‌తో సహా అద్దెకు తీసుకున్న ఇంట్లో టీవీ యజమాని సొత్తు. విప్పే ముందు ఆయనకు రాసి జవాబు తెప్పించుకోండి, లేకుంటే డిపాజిట్ దగ్గర పేచీ వస్తుంది.

లెక్క నేను ఇలా వేస్తాను. పానెల్ బాగుండి, మొత్తం ఖర్చు అదే సైజు కొత్త టీవీ ధరలో మూడోవంతు లోపు ఉంటే చేయించండి. సగం దాటితే వద్దు. మధ్యలో ఉంటే టీవీ వయసు చూడండి: ఏడేళ్ళు దాటితే ఆపేయండి, త్వరలోనే ఇంకో భాగం పోయే అవకాశం ఎక్కువ. పరీక్ష రుసుము రిపేరు బిల్లులో తగ్గిస్తారో లేదో, చేసిన పనికి ఎన్ని నెలల హామీయో ముందే అడగండి. ఏడాదిలోపు ఊరు మారే ఉద్దేశం ఉన్నవాళ్ళకు పెద్ద రిపేరూ వద్దు, పెద్ద టీవీ కూడా వద్దు.

పారేయక తప్పకపోతే మామూలు చెత్తలో వేయకండి, చాలాచోట్ల అది నేరం. ఎల్‌ఈడీల కంటే ముందు వచ్చిన ఎల్‌సీడీల ట్యూబు లైట్లలో పాదరసం ఉంటుంది. మున్సిపాలిటీ ఎలక్ట్రానిక్ వ్యర్థాల కేంద్రం తీసుకుంటుంది. యూరోపియన్ యూనియన్‌లో కొత్తది అమ్మిన దుకాణం పాతది తీసుకోవాలి. తెర వెలుగుతూనే ఉంటే ఇచ్చే ముందు ఖాతాలన్నిటి నుంచీ సైన్ అవుట్ చేసి, ఫ్యాక్టరీ రీసెట్ కొట్టండి. తెర పోయి అది కుదరకపోతే ఫోన్‌లోంచి ప్రతి యాప్ ఖాతాలోకీ వెళ్ళి ఆ టీవీని తీసేయండి.